పందిరికి వల కడితే: కరిసల్ నేలలో చవక గ్రీన్‌హౌస్ కథ



ఈసారి రాతకు కారణం మన పిల్లకాయలే. తాయిల్పట్టిలోనూ, వెంబకోట్టై, సాత్తూరు వైపు ఊళ్ళలోనూ ఉన్న మనవాళ్ళ పిల్లలు ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. "ఇంటి వెనకనో, చేని గట్టుననో తక్కువ ఖర్చుతో గ్రీన్‌హౌస్ కట్టుకోవచ్చా మామా?" అని. వాళ్ళు ఫోనులో చూసేవి ఎక్కువగా చలిదేశాల ఇళ్ళు. నాలుగు పైపులు వంచి, పైన ప్లాస్టిక్ పట్ట కప్పి, లోపల టమాటా పెంచుతుంటారు. అదే ఇంటిని అట్లాగే తెచ్చి మన కరిసల్ నేలలో కడితే మే నెలలో లోపలి నారు ఉడికిపోతుంది.

అందుకని కట్టొద్దని నేను చెప్పడం లేదు. ఏది కట్టాలో తెలియాలంటే ముందు ఈ ఇల్లు ఎవరి కోసం పుట్టింది, పేదవాడి చేతికి ఎట్లా వచ్చింది అన్న కథ తెలియాలి. కొంచెం పొడుగు కథ. ఓపికగా చదవండి.

దోసకాయ కోసం ఒక ఇల్లు

క్రీ.శ. 14 నుంచి 37 వరకు రోమును ఏలిన తిబేరియస్ చక్రవర్తికి దోసకాయ అంటే ప్రాణం. రోజూ పళ్ళెంలో ఉండాల్సిందే. చలికాలంలో దోసకాయ ఎక్కడిది? తోటమాలులు చక్రాలున్న పెట్టెల్లో తీగలు పెంచి, ఎండ ఉన్న చోటికి తోసుకుపోయేవాళ్ళట. చలి ఎక్కువైతే వెలుతురు పోయే పలకరాయి కప్పిన చట్రాల కిందికి చేర్చేవాళ్ళట. ఈ సంగతి ప్లినీ అనే రోమన్ పండితుడు రాసిపెట్టాడు. గ్రీన్‌హౌస్ చరిత్ర రాసేవాళ్ళు చాలామంది ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

మన సాత్తూరు దోసకాయకు ఎంత పేరుందో మీకు చెప్పనక్కర లేదు. దానికి ఏ రాజూ ఇల్లు కట్టలేదు. మన దగ్గర ఎండకు కొదవ లేదు కాబట్టి ఆ అవసరమే రాలేదు. పోనీ మనవైపు గాజు తెలియదా అంటే, తెలుసు. మన పక్కనే వెంబకోట్టైలోని విజయకరిసల్‌కుళంలో 2022 నుంచి తమిళనాడు పురావస్తు శాఖ చేసిన తవ్వకాల్లో గాజు పూసలు, శంఖంతో చేసిన గాజులు పెద్ద సంఖ్యలో దొరికాయి. ఇక్కడ గాజు మెడకు, చేతికి వెళ్ళింది గాని ఇంటి కప్పు మీదికి ఎక్కలేదు.

కొరియాలో 1450ల ప్రాంతంలో జొన్ సున్‌ఉయి అనే రాజవైద్యుడు ఒక వంటల పుస్తకం రాశాడు. అందులో చలికాలంలో కూరగాయలు పెంచే గది ఎట్లా కట్టాలో ఉంది. చుట్టూ మట్టిగోడలు, నేల కింద పొయ్యి వేడి, ఎండ వచ్చే వైపు నూనె రాసిన కాగితం. గాజు అక్కర లేకుండానే పని జరిగింది. చవక గ్రీన్‌హౌస్ అన్న ఆలోచన ఇప్పటిది కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఇంగ్లండులో మాత్రం గాజు మీద పన్ను ఉండేది. దాదాపు వందేళ్ళు నడిచిన ఆ పన్నును 1845లో ఎత్తేశారు. ఆరేళ్ళకే, 1851లో, జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం లేపాడు. ఒక జమీందారు తోటలో మొక్కలకు గాజిళ్ళు కట్టి నేర్చుకున్న పనితనమే అంత పెద్దదయింది. బెంగళూరు లాల్‌బాగ్ చూసినవాళ్ళకు అక్కడి గ్లాస్‌హౌస్ గుర్తుంటుంది. 1889లో మొదలైన ఆ కట్టడానికి ఈ క్రిస్టల్ ప్యాలెసే మాదిరి. చూడటానికి ఎంతో బాగుంటుంది. కాని అది పూల ప్రదర్శనలు జరిగే చోటు. రైతు కట్టుకునేది కాదు.

లోపల వేడి ఎందుకు నిలుస్తుంది

ఇక్కడ కొంచెం సైన్సు కావాలి. ఎండ గాజులోంచి లోపలికి పోతుంది. నేల, మొక్కలు ఆ ఎండను పీల్చుకుని వేడెక్కుతాయి. ఆ వేడి బయటికి పోకుండా గాజు ఆపేస్తుందని బడిలో చదువుకున్నాం. అది నిజమే గాని, మొత్తం నిజం కాదు. 1909లో ఆర్. డబ్ల్యు. వుడ్ అనే అమెరికా శాస్త్రవేత్త రెండు పెట్టెలు చేశాడు. ఒకదానికి గాజు మూత, రెండోదానికి వేడికిరణాలను ఆపని రాతి ఉప్పు పలక మూత. రెండూ దాదాపు ఒకే విధంగా వేడెక్కాయి. అంటే పెట్టె వేడెక్కడానికి ముఖ్య కారణం మూత లోపలి గాలిని కదలనివ్వకపోవడం. వేడెక్కిన గాలి పైకి లేచి పోవాలి, ఆ చోటికి చల్లగాలి రావాలి. ఈ రాకపోకలు ఆగిపోతే వేడి నిలిచిపోతుంది.

ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి. చలిదేశం వాడు గాలిని కట్టేయడానికి ఇల్లు కడతాడు. మనం గాలిని ఆడనిచ్చే ఇల్లు కట్టాలి. ఫోనులో చూసిన ఇల్లు మనకు పనికిరాదనడానికి కారణం ఇదే.

గాజు కొనలేనివాడు చేసిన పని

గ్రీన్‌హౌస్ పేదవాడి దగ్గరికి వచ్చింది ప్లాస్టిక్ పుణ్యాన. 1933లో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో వేరేదో చేయబోతే పాలిథిన్ పుట్టింది. యుద్ధకాలంలో దాన్ని రాడార్ తీగల మీద తొడుగుగా వాడారు. యుద్ధం ముగిశాక 1948లో, అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఎమెరీ ఎమర్ట్ అనే తోటల ప్రొఫెసరుకు పరిశోధనకు గ్రీన్‌హౌస్ కావాల్సి వచ్చింది. గాజు కొనే డబ్బు లేదు. చెక్క చట్రం కట్టి, దాని మీద సెలోఫేన్‌లాంటి పలచని పట్ట కప్పాడు. తర్వాత పాలిథిన్‌కు మారాడు. ఈ రోజు ప్లాస్టిక్ గ్రీన్‌హౌసులకు ఆయన్నే ఆద్యుడు అంటారు. డబ్బు లేకపోవడమే ఆయన్ను ఆ దారి పట్టించింది.

మన దేశంలో వ్యవసాయంలో ప్లాస్టిక్ వాడకం కోసం కేంద్ర ప్రభుత్వం 1981లో ఒక జాతీయ కమిటీ వేసింది. లడఖ్‌లో నేలలో గొయ్యి తవ్వి, పైన పాలిథిన్ పట్ట కప్పి, గడ్డకట్టే చలిలో ఆకుకూరలు పండించే పద్ధతి బాగా పాకింది. అంతకన్నా చవకైన గ్రీన్‌హౌస్ ఉండదు. మనవైపు చూస్తే, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న హోసూరు ప్రాంతంలో ప్లాస్టిక్ ఇళ్ళలో గులాబీలు పండి విదేశాలకు పోతున్నాయి. హోసూరు సముద్రమట్టానికి 900 మీటర్ల చుట్టూ ఎత్తున ఉంది, గాలి చల్లన. అక్కడ అది చెల్లుతుంది. మన తాయిల్పట్టి ఎండకు అదే పట్ట పనిచేయదు.

మరి ఎండదేశంలో ఎవరూ కట్టలేదా? కట్టారు. మన కథకు అసలు మలుపు అదే.

ద్రాక్ష పందిరి గ్రీన్‌హౌస్ అయిన ఊరు

స్పెయిన్ దేశానికి దక్షిణాన అల్మెరియా అనే జిల్లా ఉంది. సముద్రపు ఒడ్డు, రాతినేల, సంవత్సరానికి 200 మిల్లీమీటర్ల చుట్టూ వాన. మనకన్నా ఎండిన నేల. ఊళ్ళు వదిలి పనికోసం పరాయి చోట్లకు పోవడం అక్కడి జనానికి అలవాటు. వాళ్ళకు చేతనైన పని ఒకటుంది. గుంజలు పాతి, పైన తీగ జాలి అల్లి, ద్రాక్షను ఎక్కించడం. వాళ్ళ భాషలో దాన్ని పర్రాల్ అంటారు. మన భాషలో పందిరే.

1960ల మొదట్లో ఎవరో ఆ ద్రాక్ష పందిరి మీద ప్లాస్టిక్ పట్ట పరిచి, ఎగిరిపోకుండా కింద ఒక జాలి, పైన ఒక జాలి వేసి కట్టారు. కొత్త ఇంజనీరింగ్ ఏదీ లేదు. గుంజలు, తీగ, కట్టే చేయి, మూడూ ఊరివే. పట్ట ఒక్కటే కొత్తది. ఇప్పుడు ఆ జిల్లాలో 30,000 హెక్టార్లకు పైగా ఇట్లాంటి పందిళ్ళు ఉన్నాయి. యూరప్ చలికాలంలో తినే కూరగాయల్లో పెద్ద వాటా అక్కడిదే. వేసవిలో ఎండ ముదిరితే వాళ్ళు చేసే పని వింటే మీకు నవ్వొస్తుంది. కప్పు మీద సున్నం కొడతారు. మన మిద్దెకు వేసవిలో సున్నం కొట్టినట్టే.

అల్మెరియాలో అంతా బంగారం కాదు. బోర్లు తోడితోడి నేలనీళ్ళు అడుగంటాయి, కొన్ని చోట్ల సముద్రపు ఉప్పు లోపలికి వచ్చింది. చిరిగిన ప్లాస్టిక్ వాగుల్లో చేరింది. ఆ పందిళ్ళ కింద కూలికి వచ్చే పరదేశీయుల బతుకు కష్టం. వాళ్ళ పనితనం చూసి నేర్చుకోవాలి. వాళ్ళ తప్పులూ చూసి నేర్చుకోవాలి.

మన పందిరి, మన కొడిక్కాల్

పొట్లకాయకు, బీరకాయకు, కాకరకు పందిరి వేయడం మనకు ఎవరూ నేర్పక్కర లేదు. పెండ్లికి పందిరి, చావుకు పందిరి, వేసవికి వాకిట్లో పందిరి. కాని మన నేలలో నిజమైన గ్రీన్‌హౌస్ అనదగ్గది వేరే ఉంది. అది తమలపాకు తోట. తమిళంలో కొడిక్కాల్ అంటారు.

తమలపాకు లేత తీగ. నేరుగా ఎండ తగిలితే మాడుతుంది, ఎండుగాలి తగిలితే వాడుతుంది. అందుకని ముందు వరసలుగా అవిసె గింజలు విత్తుతారు. అదే, మనం ఇక్కడ అగత్తి అంటామే, అది. ఆ మొక్కలు లేచాక వాటి మొదట్లో తమలపాకు తీగ నాటి, వాటి మీదికే ఎక్కిస్తారు. అవిసె కొమ్మలు కొట్టడంలోనే పనితనమంతా ఉంది. ఎంత కొడితే అంత వెలుతురు, ఎంత వదిలితే అంత నీడ. లోపల కాలువలో తడి ఎప్పుడూ ఉంటుంది. తోటలో అడుగుపెడితే బయటికన్నా చల్లగా ఉంటుంది. కొట్టిన కొమ్మ మేకకు మేత, ద్వాదశినాడు మనకు కూర. బెంగాలు, ఒడిశాల్లో అయితే వెదురు, గడ్డితో కప్పు, తడికలు కట్టి లోపల తమలపాకు పెంచుతారు. దాన్ని బరోజ్ అంటారు. మన తూత్తుకుడి జిల్లా ఆత్తూరు తమలపాకుకు, మధురై దగ్గర చోళవందాన్ తమలపాకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మొక్కకు ఏది రానివ్వాలి, ఏది ఆపాలి అన్న లెక్క తెలిసినవాళ్ళు మన చుట్టూనే ఉన్నారనడానికి ఇంకేం కావాలి?

ఈ దారిలో తెలుగునేల మీద కొత్తగా జరిగింది కూడా చెప్పాలి. తెలంగాణలో కౌశిక్ కప్పగంతుల, ఆయన మిత్రులు ఖేతి అనే సంస్థ పెట్టి, చిన్న రైతు కోసం ఒక చవక వల ఇల్లు తయారుచేశారు. ఎండ తగ్గించే వల, పురుగు ఆపే వల, డ్రిప్పు. మామూలు గ్రీన్‌హౌసుకన్నా ఖర్చు 90 శాతం తక్కువనీ, ఆరుబయట పంటకన్నా నీరు 98 శాతం తక్కువనీ వాళ్ళ లెక్క. దానికి 2022లో బ్రిటన్ యువరాజు విలియం పెట్టిన ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. ఆ అంకెలు ప్రతి చేనికీ అట్లాగే వస్తాయని నేననను. ఆలోచన మాత్రం మన పందిరి ఆలోచనే. వేడిని పట్టి ఉంచడం కాదు, వేడిని తగ్గించడం.

మన నేల సంగతి

విజయనగర కాలంలోనూ, 1529 నుంచి నడిచిన మధురై నాయకుల కాలంలోనూ మన పెద్దలు ఈ నల్లనేలకు వచ్చి కాడు కొట్టి ఊళ్ళు కట్టుకున్నారు. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్‌కు చెందిన మన కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' నవలగా చెప్పింది ఆ వలస కథే. ప్రపంచం నల్లనేలను 'రేగర్' అంటుంది. ఆ మాట మన రేగడి నుంచే వెళ్ళింది. కోవిల్పట్టిలో 1901 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఈ మానావారి నేల కోసమే పత్తి, చిరుధాన్యాల మీద పనిచేస్తూ వచ్చింది.

ఇదే ఎండను చూసి శివకాశిలో ఇద్దరు దగ్గరి బంధువులు, అయ్య నాడార్, షణ్ముగ నాడార్, వేరే లెక్క వేశారు. కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చి 1923లో పని మొదలుపెట్టారు. వాన తక్కువ, గాలి పొడి. అగ్గిపుల్లకూ, తర్వాత టపాకాయకూ అదే వరమయింది. ఈ రోజు మన ఆడవాళ్ళు తెల్లవారే బండెక్కి పోయే పని అది. ఆ పని మన ఇళ్ళలో పొయ్యి వెలిగించింది, కాదనను. ఆ పనిలో పోయిన ప్రాణాలు కూడా మనకు తెలుసు, ఊరి పేరు పేపర్లో ఎప్పుడు పడుతుందో కూడా తెలుసు. ఇంకోవైపు చేనులు బీడుపడి సీమ కరువేలం ఎక్కుతోంది. పిల్లకాయలు గ్రీన్‌హౌస్ అని అడిగినప్పుడు నాకు అందులో వినిపించింది ఈ ప్రశ్నే. చేని దగ్గరే ఉండి బతికే దారి చిన్నదైనా ఉందా అని.

ఒక చిన్నది కట్టి చూద్దాం

నా సలహా: మొదట పంట కోసం కట్టొద్దు, నారు కోసం కట్టండి. మిరపనారుకు మనవైపు ఎప్పుడూ అవసరం ఉంటుంది. నారు వయసులో తెల్లదోమ కుట్టి ఆకుముడత తెగులు అంటిస్తే ఆ మొక్క చేనిలో పండదు. ఆ నెల, నెలన్నర కాపాడటమే సగం పంట.

కొలత: 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. పొడవు పక్కల అయిదు అడుగులకొకటి చొప్పున మొత్తం పది గుంజలు. సవుకు కొయ్య చాలు. ఎత్తు నేలపైన 8 అడుగులకు తగ్గొద్దు, తగ్గితే లోపల వేడి నిలుస్తుంది.

గుంజ పాతడం దగ్గరే మన నేల పరీక్ష పెడుతుంది. కరిసల్ మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రె విచ్చుతుంది. ఆ మన్నులోనే పాతి మూసేస్తే రెండో ఏడు గుంజలు వాలిపోతాయి. రెండు అడుగుల గొయ్యి వెడల్పుగా తీసి, నల్లమన్ను పక్కన పడేసి, సరళై మన్ను, రాళ్ళు పోసి దిమ్మిస కొట్టండి. కింది భాగానికి చెదలు పట్టకుండా తారు పూయండి. ఆడి నెల గాలికి అమ్మిరాయే ఎగురుతుందని మనవైపు సామెత. కయత్తారు దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు. మూలగుంజలకు బయటివైపు తీగతో లాగి కట్టు వేయకుండా వల కప్పొద్దు.

చుట్టూ, పైనా 40 మెష్ పురుగు వల. దానిపైన 50 శాతం నీడ ఇచ్చే పచ్చవల. పచ్చవల ఒక్కటే కడితే దాని సందుల్లోంచి తెల్లదోమ హాయిగా వస్తుంది. చాలామంది అక్కడే దెబ్బ తింటారు. పచ్చవలను కుట్టేయొద్దు, తాడుతో లాగి తీసేటట్టు ఉంచండి. మబ్బు రోజుల్లో నారుకు వెలుతురు కావాలి. తలుపులు రెండు, మధ్యలో మనిషి నిలిచేంత చోటు. ఒకటి మూసి రెండోది తీయాలి. ఐప్పసి, కార్తీక వానలకు లోపల ట్రేల పైన వంచిన పైపుల మీద పాలిథిన్ పట్ట తాత్కాలికంగా కప్పండి, వాన ఆగగానే తీసేయండి.

నడవడానికి దారి వదిలినా లోపల 98 గుంతల ట్రేలు 60 పడతాయి. అంటే 5,880 నార్లు. 60 సెంటీమీటర్ల దూరంలో నాటితే ఎకరానికి 11,000 చిల్లర మొక్కలు కావాలి. అంటే ఒక విడత నారు అరెకరానికి సరిపోతుంది. ముందు మీ చేనికే వాడండి. బాగుంటే పక్కచేను వాడే అడుగుతాడు. కొబ్బరి పీచు పొడి, వేపపిండి మన దగ్గరే దొరుకుతాయి. వల ఇళ్ళకు తోట్టక్కలై శాఖ సబ్సిడీ పథకాలు ఉన్నాయి. నియమాలు ఏటేటా మారుతుంటాయి కాబట్టి వల కొనకముందే ఆఫీసులో అడగండి.

చివరగా ఒక మాట. నీళ్ళ లెక్క చూసుకున్నాకే గుంజ పాతండి. నారుకు రోజూ కొన్ని బిందెలు చాలు. అది చూసి ఆశపడి ఎకరం వల వేసి, దాని కోసం కొత్త బోరు దించితే అల్మెరియా గతే మనకూ పడుతుంది. చెరువు పూడిక, సీమ కరువేలం తీయడం ఈ వల ఇంటికన్నా ముందు పని. ఒక వల ఇల్లు టపాకాయ పనికి బదులు కాదు, ఇంటిల్లిపాదినీ పోషించదు. కాని ఒక ఇంట్లో ఒకరు బండెక్కకుండా చేని దగ్గర నిలవడానికి సాయపడితే, మన బీడుల్లో ఒక బీడైనా చేనుగా మిగులుతుంది.

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను, ముఖ్యంగా అవ్వలను అడగండి. నారుమడికి నీడ ఎట్లా వేసేవాళ్ళు, ఏ ఆకు కప్పేవాళ్ళు, దేన్ని ఏ పేరుతో పిలిచేవాళ్ళు అని. ఆ మాటలు మన తెలుగులో ఇంకా మిగిలే ఉన్నాయి. తెలిసింది సంఘానికి రాసి పంపండి. ఈ ఆవణిలో ముగ్గురు పిల్లకాయలు ముందుకొస్తే చాలు, గుంజలు పాతడానికి నేనూ గడ్డపార పట్టుకుని వస్తాను.